పొద్దున గొడుగు, మధ్యాహ్నానికి సిరా

ప్రశ్న: ఘట్‌కేసర్ వైపు మా స్థలంలో రెండు గేదెలున్నాయి. వానలు పడ్డప్పటి నుంచి పేడ మీద రెండు మూడు రకాల పుట్టగొడుగులు లేస్తున్నాయి. పొద్దున బూడిదరంగులో నిలబడ్డవి మధ్యాహ్నానికి నల్లగా కారిపోతున్నాయి. ఇది తెగులా? తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వీటిని పోల్చి రాసుకుంటానంటోంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: తెగులు కాదండీ. అవి ఇంక్‌క్యాప్‌లు, అంటే సిరాలా కరిగే పుట్టగొడుగులు. గొడుగు అంచున సిద్ధబీజాలు (విత్తనాల్లా పనిచేసే పొడి) ముందు పండి రాలతాయి. వెంటనే ఆ అంచు తన ఎంజైములతో తానే కరిగిపోతుంది. అడ్డు తొలగడంతో పై వరుస బీజాలు గాలిలోకి జారతాయి. నల్లరంగు ఆ బీజాలదే. పాత పుస్తకాల్లో వీటన్నిటి పేరూ కోప్రైనస్. 2001లో ఆ ప్రజాతిని నాలుగుగా విడదీశారు. పేడ మీది చాలా రకాలు ఇప్పుడు కోప్రినాప్సిస్‌లో ఉన్నాయి. అందుకే పుస్తకంలో ఒక పేరు, ఫోన్ యాప్‌లో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడొద్దు.

కరగకుండా సన్నటి పొడుగు కాడ మీద గంటలా నిలబడేవి పేనియోలస్ అనే ఇంకో ప్రజాతివి కావచ్చు. ఒకదాన్ని తిప్పి కింద రేకులు చూడమనండి. ఒకే రేకు మీద బీజాలు ఒకచోట ముందు, ఒకచోట వెనక పండుతాయి. అందుకే బూడిదరంగు మీద నల్లమచ్చలు చల్లినట్టుంటుంది. భూతద్దం లేకపోయినా ఇది కనిపిస్తుంది.

పోల్చడానికి ఒకే రోజు వేసిన తాజా పేడ తీసుకోండి. మూడు మట్టి మూకుళ్లలో తలా 200 గ్రాములు పెట్టండి. ఒకదాంట్లో గేదె పేడ, ఒకదాంట్లో ఆవు పేడ, మూడోదాంట్లో మేక పెంటికలు. మూడూ ఒకే చెట్టు నీడలో ఉండాలి, మూడింటికీ నీళ్లు ఒకే కొలతలో చల్లాలి. మార్చేది పేడ ఒక్కటే. నీడ కూడా మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. పైన దోమతెర కప్పండి, లేకపోతే కోళ్లు గీకేస్తాయి.

ఎక్కువగా చెడేది నీళ్ల దగ్గరే. పైన పొర ఎండి పెంకు కడితే ఏదీ మొలవదు. నీళ్లు నిలిస్తే పురుగులు పట్టి కంపు కొడుతుంది. వేలితో నొక్కితే తడి తగలాలి గానీ నీరు ఊరకూడదు. పెద్ద కుప్ప లోపలి నుంచి మాత్రం పేడ తీయొద్దు. అక్కడ పుట్టే వేడికి చాలా రకాల బీజాలు చచ్చిపోతాయి.

మొదటి వారంలో గాజు వెంట్రుకల్లాంటి బూజు వస్తుంది, తర్వాత చిన్న చిన్న గిన్నెల్లాంటివి, రెండు మూడు వారాలకు గొడుగులు. చక్కెరలు త్వరగా తినేసేవి ముందొస్తాయి. గొడుగు కట్టడానికి ఎక్కువ రోజులు పట్టేవి చివర వస్తాయి. కాబట్టి గొడుగులు రాలేదని పదో రోజుకే పారేయొద్దు.

రంగు చూసి పేరు పెట్టకండి, వాన పడితే రంగు మారుతుంది. బీజాల ముద్ర తీయండి. సగం తెల్ల, సగం నల్ల కాగితం పక్కపక్కన అతికించి, కాడ కోసేసిన గొడుగును రేకులు కిందికి వచ్చేలా ఆ అతుకు మీద పెట్టి, గాజు గ్లాసు బోర్లించి ఆరు గంటలు కదపొద్దు. నల్ల సగం ఎందుకంటే తెల్ల బీజాలు తెల్ల కాగితం మీద కనపడవు. ఇంక్‌క్యాప్‌ను మాత్రం అప్పుడే విచ్చుకుంటుండగా, తెల్లవారే కోయాలి. ఆలస్యమైతే ముద్ర బదులు సిరా మరక మిగులుతుంది.

ప్రశ్న: డబ్బాలో మేక పెంటికలు పెడితే మూతకు లోపల నల్ల చుక్కలు అంటుకున్నాయి. ఈగ గుడ్లా?
– పదో తరగతి విద్యార్థి, చాంద్రాయణగుట్ట

జవాబు: కాదు బాబూ. అది పైలోబోలస్ అనే బూజు పని. కాడ పైన నీటిబుడగ లాంటి ఉబ్బు, దాని మీద బీజాలు నిండిన నల్లటోపీ ఉంటాయి. ఉబ్బులో ఒత్తిడి పెరిగి పగిలితే టోపీ రెండు మీటర్ల దాకా ఎగురుతుంది. పేడ పక్కన గడ్డిని పశువులు మేయవు, కాబట్టి బీజాలు దూరంగా పడితేనే మళ్లీ పశువు కడుపులోకి చేరతాయి. గాజు సీసాకు నల్లకాగితం చుట్టి, ఒక పక్క రూపాయి బిళ్లంత రంధ్రం వదిలి చూడు. కాడలు వెలుగువైపు వంగి, చుక్కలు ఎక్కువగా ఆ రంధ్రం చుట్టూనే పడతాయి.

ప్రశ్న: కేబీఆర్ పార్కులో ఇలాంటివి సేకరించవచ్చా? వండుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: రెండూ వద్దు. అది జాతీయ పార్కు. అక్కడ ఫొటో తీసుకోండి, ఏమీ తీయకండి. పేడ మీద మొలిచినవి మనం వండుకునే పుట్టకొక్కులు కావు. వీటిలో కొన్ని వాంతులు, కొన్ని భ్రాంతులు తెస్తాయి. కొన్ని ఇంక్‌క్యాప్‌లు తిన్నవాళ్లు తర్వాత మద్యం తాగితే ముఖం ఎర్రబడి గుండెదడ వస్తుంది. పెరట్లో గమనించేటప్పుడు కూడా చేతికి గ్లవ్స్ వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. ఎవరైనా తింటే లక్షణాల కోసం ఎదురు చూడకుండా, మిగిలిన ముక్కను కాగితం సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.