ముక్కు ఎలర్జీకి ఏటా సూది, రోజూ చుక్కలు.. ఇట్టా వాడితే ప్రమాదమా?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. నాకు 34 ఏళ్ళు. ఏటా వరికోతలు మొదలైతే చాలు, పొద్దున లేచిన కాడ్నించి తుమ్ములే తుమ్ములు, ముక్కు నీళ్ళలాగా కారతా ఉంటుంది, కళ్ళు ఒకటే దురద. మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ళ వేస్తే నిద్ర ముంచుకొస్తుంది, నేను స్కూటీ మీద పనికి పోవాలి. అందుకని మూడు నెలలుగా ముక్కులో చుక్కలు వేస్తున్నా, ఇప్పుడు అవి లేకపోతే రాత్రి ఊపిరాడటం లేదు. పోయిన రెండేళ్ళు ఊళ్ళో ఒకాయన సూది వేస్తే సీజనంతా బాగుండింది, ఈ ఏడు కూడా వేయించుకోవచ్చా? మా అత్తమ్మ పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టమంటారు. మా బాబుకి 5 ఏళ్ళు, వాడికీ ఇట్టాగే ఉంటే నా బిళ్ళలోనే సగం ఇస్తున్నా.

జవాబు: ముందు సూది సంగతి చెప్తానమ్మా, మీరు రాసిన వాటన్నిట్లో నాకు ఎక్కువ భయం వేసింది దానికే. వేయించుకోవద్దు. ఒక్క సూదితో సీజనంతా తుమ్ములు ఆగినాయంటే అది చాలావరకు కండలో నిలవుండి నెమ్మదిగా కరిగే స్టిరాయిడ్ అయ్యుంటుంది. ముక్కుకి కావాల్సింది రవ్వంత మందు, కానీ ఇది వారాల తరబడి ఒళ్ళంతా తిరుగుతుంది, షుగర్ పెంచుతుంది, బీపీ పెంచుతుంది, ఏటా వేస్తా పోతే ఎముకలు, కళ్ళు కూడా దెబ్బతింటాయి, మన ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్‌ని అణిచేస్తుంది. వేసిన తర్వాత తేడా చేస్తే వెనక్కి తీసేది కూడా ఉండదు. షాపుల్లో విడిగా పొట్లం కట్టి ఇచ్చే చిన్న తెల్ల బిళ్ళల్లో కూడా చాలాసార్లు స్టిరాయిడే ఉంటుంది, కాబట్టి పేరు కనపడని బిళ్ళ ఏదీ మింగొద్దు, స్ట్రిప్ చూపించమని గట్టిగా అడగండి.

ఇక చుక్కలు. నాసివియన్, ఓట్రివిన్ లాంటివి లోపల వాచిన రక్తనాళాల్ని బిగించి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, అందుకే అందరికీ అంత నచ్చుతాయి. కానీ 3 రోజులు, మహా అయితే 5 రోజులు, అంతకు మించితే మందు దిగిపోగానే ముక్కు ముందుకంటే ఎక్కువ వాచిపోతుంది, మళ్ళీ చుక్క, మళ్ళీ వాపు. ఇప్పుడు మీకు రాత్రిపూట వచ్చే దిబ్బడలో చాలా భాగం ఆ చుక్కలు తెచ్చిపెట్టిందే. మానేదానికి ఒక పద్ధతి ఉంది: స్ప్రే మొదలుపెట్టి (ఏ స్ప్రేనో కింద చెప్తా) ముందు ఒక్క పక్క ముక్కులో చుక్కలు ఆపండి, అది సర్దుకున్నాక రెండో పక్క. వారం పది రోజులు కష్టంగానే ఉంటుంది, ఓర్చుకోండి, మళ్ళీ సీసా ముట్టుకుంటే మొదటికొస్తుంది.

కోతలప్పుడే ఎందుకొస్తుందంటే, మన నెల్లూరు వైపు పెద్ద పంట కోతకొచ్చేదే ఫిబ్రవరి, మార్చిలో, మిషన్ దిగితే ఊరంతా దుమ్ము, దాంట్లో బూజు కణాలు, గడ్డి పుప్పొడి అన్నీ ఉంటాయి. సరిగ్గా అదే టైంలో కాలవ గట్ల మీద, రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కంప కూడా పూత మీద ఉంటుంది, ఎలర్జీ తెచ్చే పుప్పొళ్ళలో అదొకటి. మీ ఒళ్ళు వీటిని శత్రువులనుకుని హిస్టమిన్ అనే రసాయనం వదుల్తుంది, తుమ్ములు, దురద, నీళ్ళు అన్నీ దాని పనే. కోతల్లోనే కాకుండా ఏడాది పొడుగునా ఉంటే మాత్రం పరుపు, దిండులో ఉండే డస్ట్ మైట్స్‌ని (కంటికి కనపడని దుమ్ము పురుగులు) కూడా అనుమానించాలి.

మీకు అసలు పనిచేసే మందు ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే, ఫ్లూటికాసోన్ గానీ మొమెటాసోన్ గానీ. సూదిలోనూ స్టిరాయిడే అని తిట్టి మళ్ళీ అదే రాస్తున్నాడేంది అనుకుంటారేమో, స్ప్రేలో మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, పనంతా ముక్కులోనే, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. చిక్కేందంటే ఇది వెంటనే పనిచేయదు, పూర్తి గుణం తెలిసేదానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మన వాళ్ళు మూడు రోజులు కొట్టి ‘ఇది పనికిరాదు’ అని పక్కన పడేస్తారు, నాకు చాలా బాధేస్తుంది. వచ్చే ఏడు కోతలకి రెండు వారాల ముందే మొదలుపెట్టండి.

కొట్టే తీరు కూడా ముఖ్యం. ముక్కు చీది, సీసా ఊపి, తల కొంచెం ముందుకి వంచండి, పైకెత్తొద్దు. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకోండి, అప్పుడు మందు నడిమి గోడకి కాకుండా కంటి బయటి కొస వైపుకి పోతుంది. నొక్కేటప్పుడు మెల్లగా గాలి పీల్చండి, గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. నడిమి గోడకి తగిలితే ఎండిపోయి నెత్తురు చుక్కలు పడతాయి, అట్టా పడితే రెండు రోజులు ఆపి డాక్టర్‌కి చూపించండి.

బిళ్ళ సంగతికొస్తే, అవిల్ లాంటి పాత మందు వేసుకుని స్కూటీ ఎక్కటం చాలా ప్రమాదం. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కూడా కొందరికి మత్తు చేస్తాయి, వాడితే రాత్రి పడుకునే ముందు వాడండి. పగటి పనికి ఫెక్సోఫెనడిన్ నయం, మత్తు చాలా తక్కువ, కాకపోతే మంచినీళ్ళతోనే మింగాలి, బత్తాయి, యాపిల్ జ్యూస్‌తో వేస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. మాంటెలుకాస్ట్ అనే ఇంకో ఎలర్జీ మందు కలిపిన బిళ్ళలు మన దగ్గర చాక్లెట్లలాగా అమ్ముతున్నారు, దానివల్ల కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, చచ్చిపోవాలనే ఆలోచనలు కూడా వస్తాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది, డాక్టర్ చెప్తేనే వాడండి. కళ్ళ దురదకి చల్లటి తడిగుడ్డ పెట్టండి, తగ్గకపోతే డాక్టర్ రాసిన ఎలర్జీ చుక్కలు, అంతేగానీ షాపులో స్టిరాయిడ్ కంటి చుక్కలు కొనొద్దు, అవి ఎక్కువకాలం వాడితే చూపుకే ఎసరు.

బాబుకి మీ బిళ్ళ సగం ఇవ్వటం ఈ రోజే ఆపండి. పిల్లల మోతాదు వయసుని, బరువుని బట్టి ఉంటుంది, వాళ్ళకి సిరప్‌లు వేరే ఉన్నాయి. పైగా మీ బిళ్ళలో ఇంకేం మందు కలిసుందో మీకే తెలీదు. నోరు తెరిచి నిద్రపోవటం, గురక, రాత్రి దగ్గు ఉంటే పిల్లల డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

అత్తమ్మ చెప్పిన పొగ మాత్రం వద్దు, పసుపు పొగ, సాంబ్రాణి, దోమల చుట్ట ఏదైనా సరే, మండతా ఉన్న ముక్కుని ఇంకా రేపుతుంది. ఆమె మనసు నొచ్చుకోకుండా పసుపు పాలు ఇమ్మనండి, గొంతుకి హాయిగా ఉంటుంది, ఎలర్జీ అయితే పోదు. తుమ్మి ఆకు రసం, నూనె లాంటివి ముక్కులో పిండొద్దు. నేను గట్టిగా చెప్పే ఇంటి వైద్యం ఉప్పునీళ్ళు: పావు లీటరు నీళ్ళు బాగా తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లారాక అర టీస్పూన్ కన్నా కొంచెం తక్కువ ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, వాష్‌బేసిన్ మీదకి వంగి ఒక్కో ముక్కులో మెల్లగా పోసి కడగండి, నోటితోనే ఊపిరి తీసుకోండి. ఆ తర్వాత స్ప్రే కొట్టండి. బోరు నీళ్ళు, క్యాన్ నీళ్ళు మరగబెట్టకుండా వాడొద్దు, శుద్ధి చేయని నీళ్ళలో ఉండే ఒక రకం అమీబా (కంటికి కనపడని సూక్ష్మజీవి) ముక్కు ద్వారా మెదడుకి ఎక్కుతుంది, అరుదే గానీ ప్రాణాంతకం, కేరళలో 2024, 2025లో కేసులు చూశాం.

ఇంటికి రాగానే స్నానం, లేకపోతే ముఖం కాళ్ళు చేతులన్నా కడుక్కోండి. కోతల రోజుల్లో దిండు గలీబులు, దుప్పట్లు మిద్దె మీద ఆరేయొద్దు. స్కూటీ మీద మాస్క్ తప్పనిసరి.

పిల్లికూతలు, ఛాతీ బిగుసుకుపోవటం, తెల్లవారుజామున ఆయాసం ఉంటే ఆస్తమా కూడా ఉందేమో చూడాలి. ఒక్క పక్క ముక్కే ఎప్పుడూ మూసుకుపోయి నెత్తురు, వాసన రావటం, పది రోజులు దాటినా జ్వరంతో ముఖం నొప్పి, కంటి చుట్టూ వాపు, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయొద్దు. ఎట్టాగూ ఒకసారి నెల్లూరులో ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి, పోయేటప్పుడు చుక్కల సీసా, బిళ్ళల స్ట్రిప్, దొరికితే ఆ సూది మందు పేరు రాయించుకున్న చీటీ వెంట తీసుకుపోండి. రెండేళ్ళు సూది వేయించుకున్నారు కాబట్టి షుగర్, బీపీ కూడా చూడమని అడగండి.