పుట్టిన దేశం గురించి పరీక్ష పెడితే మనం పాసవుతామా? మా ఇంట్లో పెట్టి చూశాం

ప్రశ్న: అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లకే అక్కడి పౌరసత్వ పరీక్ష పెడితే చాలామంది ఫెయిలవుతున్నారని చదివాను. అలాంటి పరీక్ష మన దేశంలో మనకే పెడితే ఎంతమంది పాసవుతారు? ఎవరైనా ప్రయత్నించారా?

జవాబు:

ప్రయత్నించాం. 2024 దసరాకు, నల్గొండలో మా ఇంట్లోనే. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పరీక్ష పెట్టింది నేనే, రాసినవాళ్లు నా సొంత మనుషులు. ఎనిమిది మందిలో ముగ్గురు పాసయ్యారు. కానీ ఎవరెవరు ఏయే ప్రశ్న తప్పారో చూశాక, పాస్, ఫెయిల్ అనే లెక్క మీద నా నమ్మకం చాలా తగ్గిపోయింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇదంతా మా చెల్లెతో మొదలైంది. తను డాలస్‌లో ఉంటుంది. ఆ ఏడాది మార్చిలో తనకు అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూ. అప్పటి పద్ధతిలో 100 ప్రశ్నల జాబితా ముందే ఇచ్చేవాళ్లు. అందులోంచి ఆఫీసర్ ఎదురుగా కూర్చుని నోటితో 10 వరకు అడుగుతారు, 6 సరిగ్గా చెప్తే చాలు. (2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు మారింది. జాబితాలో 128 ప్రశ్నలు, అడిగేది 20, పాస్ కావాలంటే 12.) రెండు నెలలు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నేనే ప్రశ్నలు అడిగేవాణ్ణి. సెనేటర్లు ఎంతమంది, రాజ్యాంగానికి ఎన్ని సవరణలు, ప్రభుత్వంలో ఒక శాఖ మితిమీరి బలపడకుండా ఆపేది ఏది. తను వంట చేసుకుంటూ చెప్పేది. ఇంటర్వ్యూలో మొదటి ఆరూ సరిగ్గా చెప్పింది, ఆఫీసర్ అక్కడితో ఆపేశారు.

మర్నాడు ఆఫీసులో, అక్కడే టెక్సస్‌లో పుట్టిన తన సహోద్యోగిని సరదాగా సవరణలు ఎన్ని అని అడిగిందట. ఆమె పది అంది. మొదటి పదింటిని కలిపి హక్కుల పత్రం అంటారు కదా, బడిలో చదివింది అంతవరకే గుర్తుంది. అసలు జవాబు 27.

మీరు చదివిన వార్త నిజమే. 2018లో వుడ్రో విల్సన్ ఫౌండేషన్ వాళ్లు వెయ్యి మందిని అడిగితే 36 శాతం మందే పాసయ్యారు. మరుసటి ఏడాది అన్ని రాష్ట్రాల్లో కలిపి 41 వేల మందిని అడిగారు. పదిమందిలో నలుగురు. సగానికి పైగా పాసైన రాష్ట్రం వెర్మాంట్ ఒక్కటే. వలస వెళ్లినవాళ్లు అసలు పరీక్షలో దాదాపు తొంభై శాతం పాసవుతున్నారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి అక్కడ పుట్టినవాళ్లను తిట్టడం నాకు నచ్చదు. మా చెల్లె రెండు నెలలు చదివింది. సర్వేలో జవాబు చెప్పినవాళ్లు ఏ తయారీ లేకుండా చెప్పారు. చదివినవాళ్లకు, చదవనివాళ్లకు ఉండే తేడా అది.

ఇక మా ఇంటి సంగతి. దసరాకు చెల్లె, బావ, పాపతో వచ్చారు. భోజనాలయ్యాక తనే అంది, "అన్నా, నన్ను రెండు నెలలు చంపినవు గదా, ఇప్పుడు మన దేశం మీద అందరికీ పెట్టు" అని. నేను గంటలో 20 ప్రశ్నలు తయారుచేశాను. 12 వస్తే పాస్. కూర్చున్నవాళ్లు మా నాయన, అమ్మ, మేనమామ, నా భార్య, పదో తరగతి చదివే మా అబ్బాయి, బీటెక్ చదివే మా అన్న కొడుకు, చెల్లె, బావ. మా అమ్మమ్మకు 90 ఏళ్లు, వరండాలో మంచం మీద పడుకుని వింటోంది. ఆమెను అడగాలని మాకెవరికీ తోచలేదు.

ఒక్కరు తప్ప అందరూ తప్పిన ప్రశ్న ఒకటుంది, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. "భారతదేశం నా మాతృభూమి" అని రోజూ బడిలో చెప్పే ప్రతిజ్ఞ రాసిందెవరు? ప్రతిజ్ఞ అందరికీ నోటికి వచ్చు. మా నాయన 74 ఏళ్ల వయసులో ఒక్క మాట తడబడకుండా మొత్తం చెప్పాడు. రాసిందెవరో మా అబ్బాయి ఒక్కడే చెప్పాడు. పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఆయనది నల్గొండ పక్కనే ఉన్న అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్నప్పుడు తెలుగులో రాశారు. తర్వాత అది అన్ని భాషల్లోకి వెళ్లింది, దేశమంతా పిల్లలు చెప్తున్నారు. అన్నెపర్తి మీదుగా మేం ఎన్నిసార్లు బస్సులో పోయి ఉంటామో.

ప్రాథమిక హక్కులు ఎన్ని అన్నప్పుడు పెద్ద గొడవే అయింది. మా నాయన ఏడు అన్నాడు. ఆరే అని బీటెక్ పిల్లవాడు నవ్వాడు. నాయనకు కోపం వచ్చింది, "నేను చదివినప్పుడు ఏడే" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసింది 1978లో, 44వ సవరణతో. ఆయన బడి వదిలేనాటికి అవి ఏడే. అమెరికా ఆఫీసర్ అయితే తప్పు అని రాసుకుని ముందుకు పోతాడు. నేను మార్కు వేశాను. మారిందని తెలియకపోవడం వేరు, అసలు ఏమీ తెలియకపోవడం వేరు.

తొలి లోక్‌సభ ఎన్నికల్లో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచిందెవరు అంటే మాత్రం నాయన నా మాట పూర్తి కానివ్వలేదు. రావి నారాయణరెడ్డి, మన నల్గొండ నుంచే. పిల్లలిద్దరూ ఆ పేరే వినలేదు.

మా అమ్మ ఏడో తరగతి వరకే చదివింది. లోక్‌సభలో సీట్లు ఎన్నో (543), రాజ్యసభ సభ్యులను ఎవరు ఎన్నుకుంటారో (రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లను ఎమ్మెల్యేలు) తెలియదు. ఎనిమిది మార్కులు. సమాచార హక్కు ప్రశ్న దగ్గర మాత్రం ఇంజినీర్లకంటే ముందు చెప్పింది. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి, మండల ఆఫీసులో ఫీజు 5 రూపాయలు. ఎలా తెలుసంటే, అంతకు రెండేళ్ల ముందు మా చిన్నమ్మకు వితంతు పింఛను ఆగిపోయింది. అమ్మ ఆమెను వెంటబెట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగింది. రేపు రండి, సారు లేరు, సర్వర్ లేదు. చివరికి నా భార్య సమాచార హక్కు కింద ఒక కాగితం రాసి ఇచ్చింది. ఆధార్‌లో వయసు తేడా ఉందని రాతపూర్వకంగా జవాబొచ్చింది. అది సరిచేయించాక పింఛను మళ్లీ మొదలైంది. ఆ చట్టం 2005లో వచ్చిందని అమ్మకు తెలియదు. అది ఏం చేయగలదో తెలుసు. నా ప్రశ్నపత్రంలో సంవత్సరాలు అడిగినవి ఎక్కువ, ఇలాంటివి తక్కువ. ఆ తప్పు నాదే.

మేనమామకు అందరికంటే తక్కువ, ఏడు. ఆయన ఊరు మునుగోడు వైపు, ఫ్లోరైడ్ పల్లె. రాజ్యాంగం ఆమోదం పొందింది 1949 నవంబర్ 26 అనీ, అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26 అనీ తేడా తెలియదు. లోక్‌సభకు పోటీ చేయడానికి కనీస వయసు ఎంత అని అడిగాను. "ఇరవై ఐదు. డిపాజిట్ అయిదొందలు, ఇప్పుడు పెంచిండ్రు" అన్నాడు, నేను అడగని డిపాజిట్ కూడా కలిపి. అప్పుడు గుర్తొచ్చింది. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోతుంటే, ఎవరూ వినకపోతే, ఊళ్లవాళ్లు డబ్బులు పోగేసుకుని మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది, దేశమంతా మన నీళ్ల గురించి మాట్లాడింది. ఆ 480 మందిలో మా మామ ఒకడు. ఆ తర్వాతే డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెరిగింది, ఇప్పుడు 25 వేలు.

నేను మామను అడిగాను, పోటీ చేసే హక్కు ఉందని అప్పుడు మీకెలా తెలుసు అని. "అడ్వకేట్ దగ్గరికి పోయి అడిగినం అల్లుడూ. అవసరం పడితే అన్నీ తెలుసుకుంటం" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర మార్కు లేదు.

చెల్లెకు పది వచ్చాయి, రెండు తక్కువై ఫెయిల్. తను అది తేలిగ్గా తీసుకోలేదు, చాలాసేపు మాట్లాడలేదు. మన చట్టం ప్రకారం వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి. తర్వాత భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఇస్తారు, దానితో ఎన్నిసార్లయినా రావచ్చు, ఓటు మాత్రం ఉండదు. "అక్కడిది చదివి పాసైన. ఇక్కడిది చదవకుండనే ఇన్నేండ్లు పౌరురాలిగా ఉన్న" అంది. నేనేం చెప్పాలి? పుట్టినందుకు వచ్చిన దాన్ని ఎవరూ చదివి సంపాదించుకోరు. మనకు పౌరసత్వ పరీక్షే లేదు. విదేశీయులు మన పౌరసత్వం కోరినా చట్టం అడిగేది ప్రధానంగా ఇన్నేళ్లు ఇక్కడ ఉండటం, మంచి నడవడి, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఒకటి తగినంత రావడం.

ఇలాంటి ప్రశ్నల కింద ఎవరో ఒకరు "ఫెయిలైనవాళ్లకు ఓటు తీసేయాలి" అని రాస్తారు. దయచేసి అలా అనకండి. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల్లో చదువు పరీక్ష పేరు చెప్పి నల్లజాతివాళ్లను దశాబ్దాలపాటు ఓటుకు దూరం పెట్టారు. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చాక గానీ అది ఆగలేదు. మన దగ్గర 1951 జనాభా లెక్కల్లో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మంది. అయినా మొదటి ఎన్నికలోనే వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటిచ్చారు. పరీక్ష పెట్టి ఉంటే మా అమ్మమ్మ తరానికి ఓటే ఉండేది కాదు.

అమ్మమ్మ దగ్గరికి వస్తాను. స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చింది అనేది అందరికీ వచ్చిన ప్రశ్న, 1947 ఆగస్టు 15. ఎనిమిది మందీ చెప్పారు. వరండాలోంచి అమ్మమ్మ అంది, "మనకు అప్పుడేడ ఒచ్చింది బిడ్డా? పోలీసు యాక్షన్ అయినంకనే గదా." నిజమే. 1947 ఆగస్టులో నల్గొండ నిజాం రాజ్యంలో ఉంది. ఇక్కడ 1948 సెప్టెంబర్ 17 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమెకు అప్పుడు 14 ఏళ్లు. రజాకార్ల భయంతో రాత్రిళ్లు చేలల్లో దాక్కున్నది తనకు గుర్తుంది. నేను సోషల్ సారును, ఆ తేదీ ఏటా పాఠం చెప్తాను. ప్రశ్నపత్రం రాసేటప్పుడు మాత్రం మన చరిత్ర నాకు గుర్తు రాలేదు, దేశం మొత్తానికి ఉన్న జవాబు ఒక్కటే రాసుకున్నాను.

ఇంట్లో మీరూ పెట్టుకోవాలనుకుంటే నా సలహా ఇది. సగం ప్రశ్నలే పుస్తకంలోంచి తీసుకోండి. మిగతా సగం పనికొచ్చేవి అడగండి. అరెస్టు చేస్తే ఎన్ని గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి (24, దారి ప్రయాణం కాక), ఎఫ్ఐఆర్ కాపీకి డబ్బులివ్వాలా (ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితం), గ్రామసభలో ఎవరు కూర్చోవచ్చు (ఊరి ఓటర్లందరూ). ఇవి తెలియకపోతే నష్టం మనకే. ఇంకో మాట, ఇంట్లో పెద్దవాళ్లను ముందు అడగండి. మేం మా అమ్మమ్మను అడగనే లేదు.

చెల్లె కూతురికి 11 ఏళ్లు, డాలస్‌లోనే పుట్టింది. దానికి ఈ జన్మలో ఆ 100 ప్రశ్నలు చదివే అవసరం రాదు. ఆ రాత్రి చెల్లె దాన్ని పది అడిగితే ఐదు చెప్పింది. తర్వాత అదే వెళ్లి అమ్మమ్మ మంచం పక్కన కూర్చుంది, మొదటిసారి ఓటు ఎలా వేశావని తన వచ్చీరాని తెలుగులో అడిగింది. 1957లో ఒక్కో పోటీదారుకు ఒక్కో పెట్టె ఉండేదనీ, పెట్టె మీద గుర్తు అంటించేవాళ్లనీ, చదువు రాకున్నా బొమ్మ చూసి కాగితం అందులో వేశానని అమ్మమ్మ చెప్పింది. కాగితం వేశాక లోపల పడిందో లేదోనని పెట్టెను కొంచెం ఊపి చూసిందట, అక్కడి ఉద్యోగి కోప్పడ్డాడట. పాప అదంతా ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్లింది.