ఖాళీ గిన్నె ఇవ్వలేక ఏడు వారాలు దాచుకున్నాను

ప్రశ్న: పిన్నీ, వచ్చే నెల మావారి దగ్గరికి అమెరికాలో ఒహాయో వెళ్తున్నాను. అక్కడ ఆఫీసులో పాట్‌లక్ అని పెడతారట, ఎవరింటి వంట వాళ్ళు తేవాలట. పైనాపిల్ కాబ్లర్ సులువని అందరూ అంటున్నారు. మేం గుడ్డు తినం. గుడ్డు లేకుండా కుదురుతుందా? ఇక్కడే నేర్చుకుని వెళ్ళనా? సామాన్లలో ఏమేం పెట్టుకోవాలో కూడా చెప్పండి.

జవాబు: సామాన్ల సంగతి ముందు తేల్చేద్దాం. పచ్చి పండ్లు, కూరగాయలు, మాంసం పెట్టుకోకు. తినే వస్తువు ఏదున్నా ఎయిర్‌పోర్టులో అడిగినప్పుడు దాచకుండా చెప్పాలి. మిగతా రూల్స్, వీసా కాగితాల వివరాలు అక్కడి ప్రభుత్వం వెబ్‌సైట్లలో ఉన్నాయి. మీ తరానికి అన్నీ ఫోన్‌లోనే కదా, చూసుకో. మిక్సీ మాత్రం మోసుకెళ్ళకు. అక్కడ కరెంటు 120 వోల్టులే, మన మిక్సీ సరిగా తిరగదు. నేను తీసుకెళ్ళినది ఆర్నెల్లు అలమరలో కూర్చుంది.

కాబ్లర్‌కి గుడ్డు అక్కర్లేదు. నిశ్చింతగా చేసుకో. అది పండు మీద పిండి పొంగి కాలే తీపి వంటకం, అంతే. కానీ నువ్వు పాట్‌లక్ గురించి అడిగావు, నాకు మాత్రం మీవారు ఆఫీసుకి వెళ్ళాక నువ్వు ఆ ఇంట్లో ఏం చేస్తావన్నదే బెంగ. అంబాజీపేటలో మా అమ్మ ఇంటి వెనక వీధిలో పుట్టి పెరిగినదానివి. పొద్దున్న లేస్తే పాలవాడు, కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు, పక్కింటి అత్తయ్యగారు, ఏదో ఒక మాట చెవిన పడకుండా పూట గడవని ఊరు మనది. అక్కడ రోజంతా ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఈ మాట ఎంత చెప్పినా వెళ్ళే ముందు ఎవరికీ అర్థం కాదు. నాకూ కాలేదు.

నేను ఆ ఒహాయోలోనే కొలంబస్‌లో దిగింది 2004 నవంబర్‌లో. మావారు ఏడింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడింటికే. డిసెంబర్ వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటగానే చీకటి. భర్త ఉద్యోగాన్ని బట్టి భార్యకి ఇచ్చే వీసా మీద అప్పట్లో మాకు ఉద్యోగం చేసే వీలు లేదు. 2015 నుంచి కొందరికి అనుమతి ఇస్తున్నారు, నీకు వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకో. వీడియో కాల్స్ లేవు, ఫోన్ కార్డు మీద నిమిషాలు లెక్కపెట్టుకోవడమే. రాత్రి ఎనిమిదికి చేస్తే ఇక్కడ తెల్లారి ఆరున్నర. అమ్మ గొంతు వెనకాల పాలవాడి సైకిల్ గంట వినపడేది. ఫోన్ పెట్టేశాక ఆ గంటే చెవిలో ఉండేది.

నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ అని వాళ్ళ పండగ, ఆ రోజు ఎదురింటి పెద్దావిడ తలుపు కొట్టింది. చేతిలో గాజు ట్రే, అందులో పీచ్ పండ్లతో చేసిన కాబ్లర్, ఇంకా వేడిగా ఉంది. ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది, నవ్వి తీసుకున్నాను. తిన్నాక ట్రే కడిగి బోర్లిస్తే అడుగున తెల్లటి టేపు ముక్క, దాని మీద పెన్నుతో ఆవిడ పేరు. మనం స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించుకుంటామే, అదే పద్ధతి. ఆ టేపు చూడగానే నాకు గుండెలో గుబులు మొదలైంది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కదా! కనీసం గుప్పెడు పంచదారయినా వేసి పంపాలని పెరిగాం. బొబ్బట్లు చేసి ఇద్దామనుకుంటే మిక్సీ తిరగదాయె. పంచదార వేసి ఇస్తే ఏమనుకుంటుందోనని భయం. అలా ఆ ట్రే ఏడు వారాలు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ మెట్ల మీద కనబడుతుందేమోనని, తలుపు కన్నంలోంచి చూసి, ఆవిడ వెళ్ళాకే చెత్త పారేయడానికి బయటికొచ్చేదాన్ని. మొత్తం బిల్డింగులో నాతో మాట్లాడిన ఒక్క మనిషిని నేనే దూరం చేసుకున్నాను. అదీ నేను చేసిన పెద్ద తప్పు. వంటలో చేసినవి దాని ముందు చిన్నవే.

అవి కూడా చెబుతాను, నీకు పనికొస్తాయి. ఆవిడ వంటకమే నేర్చుకుని ఆవిడ ట్రేలోనే ఇద్దామని లైబ్రరీ నుంచి వంటల పుస్తకం తెచ్చుకున్నాను. మనకి తెలిసిన పండు కదా అని పైనాపిల్ ఎంచుకున్నాను. మొదటిసారి తాజా అనాసపండు కోసి పచ్చిదే పాలు కలిపిన పిండి మీద వేశాను. పాలు విరిగినట్టయి చేదొచ్చింది. అనాసలో బ్రొమెలైన్ అనే పదార్థం ఉంటుంది, అది పాలలో మాంసకృత్తులను విరగ్గొడుతుంది. పండు ఉడికిస్తే ఆ గుణం పోతుంది. టిన్నులో వచ్చే ముక్కలు ముందే వేడి చేసినవి కాబట్టి వాటితో ఈ బాధ లేదు. రెండోసారి బేకింగ్ పౌడర్ బదులు వంటసోడా వేశాను, రెండూ ఒకటే అనుకుని. సబ్బు రుచి వచ్చింది. మూడోసారి ఓవెన్ 180 దగ్గర పెట్టి రెండు గంటలు కాపలా కాశాను, పిండి పిండిలాగే ఉంది. అక్కడి ఓవెన్ మీద అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. ఆ 180 అంటే మన లెక్కలో 82 డిగ్రీలు, పాలు కూడా పొంగని వేడి. అక్కడ 350 పెట్టాలి. ఆ రోజు ఓవెన్ ముందు నేల మీద కూర్చుని ఏడ్చాను. కాబ్లర్ కోసం కాదని నీకు చెప్పక్కర్లేదు.

నాలుగోసారి కుదిరింది. ఆ రోజు భోగి. ఇక్కడ మా వీధిలో మంటలు వేసుకుని ఉంటారు, అక్కడ కిటికీ అవతల మంచు. వేడి ట్రే తువ్వాలుతో పట్టుకుని వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. ఆవిడ ముందు ట్రే వంక, తర్వాత నా వంక చూసి లోపలికి రమ్మంది. ఆ వంట నాకు నచ్చలేదేమో, అందుకే మొహం చాటేస్తున్నానేమో అనుకుందట ఇన్నాళ్ళూ. ఆవిడకీ పిల్లలు దూరంగానే ఉన్నారు. వాళ్ళింట్లో రెండు గంటలు కూర్చున్నాను. వచ్చే ముందు అదే ట్రేలో నాలుగు బత్తాయిలు పెట్టి ఇచ్చింది.

చేసే విధానం చెబుతాను. తొమ్మిదంగుళాల చదరపు ట్రేలో ఒక స్టిక్ వెన్న, అంటే 113 గ్రాములు, వేసి ఓవెన్ వేడెక్కుతున్నప్పుడే లోపల పెట్టేయి, కరుగుతుంది. అంతకుముందు ఓవెన్ తలుపు తీసి లోపల గిన్నెలు లేవని చూసుకో, మనవాళ్ళందరూ దాన్ని అలమరలా వాడతారు. కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, ఒకటిన్నర టీ చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, కప్పు పాలు, దోసెల పిండిలా జారుగా కలుపు. ఉండలు ఒకటీ అరా ఉన్నా ఫరవాలేదు, ఎక్కువ గిలక్కొడితే గట్టిపడుతుంది. కరిగిన వెన్న మీద ఆ పిండి పోయి. పైన రసం ఓడ్చిన పైనాపిల్ ముక్కలు, సుమారు రెండు కప్పులు, పరిచేయి. ఇక కలపకు. గరిట చేతిలో ఉంటే కలపాలనే అనిపిస్తుంది మనకి, గరిట సింకులో వేసెయ్యి. నలభై ఐదు, యాభై నిమిషాల్లో పిండి ముక్కల మధ్యలోంచి పైకి పొంగి వాటిని కప్పుకుంటుంది. అంచుల్లో వెన్న సన్నగా బుడగలు కడుతూ పిండిని వేయిస్తుంది, అక్కడ బంగారు రంగు దాటి కాస్త ముదురుగా వచ్చాక తీయాలి. మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చిపిండి అంటకూడదు. పదిహేను నిమిషాలు ఆరనిచ్చాకే ముట్టుకో.

ఇక్కడ నేర్చుకోవచ్చా అన్నావు కదా, మొన్న ముక్కనుమ నాడు అమ్మ వంటింట్లో చేసి చూశాను. సెంటర్లో బండి మీద అనాసపండు కొని, ముక్కలు కోసి, పావు కప్పు పంచదారతో పది నిమిషాలు ఉడికించి చల్లార్చాను. తమ్ముడి ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో, 180 సెల్సియస్. ఇక్కడ అంకెలు సెల్సియస్‌లోనే ఉంటాయి, ఆ తేడా బుర్రలో పెట్టుకో. మన ప్యాకెట్ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయలేదు. వోల్టేజీ తక్కువగా ఉండి గంట దాటింది, అయినా బాగా పొంగింది. అమ్మ అంచు ముక్క తిని, "దిబ్బరొట్టెకి తీపి పెట్టినట్టుందే" అంది. నిజమే, చిన్నప్పుడు అమ్మమ్మ రొట్టె మీద మూతపెట్టి దాని మీద కూడా నిప్పులు వేసేది. ఓవెన్ పనీ అదే. ఆదివారం మధ్యాహ్నం నువ్వే వచ్చి నా ఎదురుగా ఒకసారి చెయ్యి, నేనేమీ ముట్టుకోను.

వెళ్ళాక పాట్‌లక్ వరకూ ఆగకు. మొదటి వారంలోనే చేసి సగం ఎదురింటికి ఇవ్వు. వాళ్ళు ఏ దేశం వాళ్ళయినా సరే, మాట రాకపోయినా సరే. మనవాళ్ళు ఎక్కడున్నారా అని వెతుక్కుంటూ వారాంతాల కోసం ఎదురుచూసే పిల్లల్ని చాలామందిని చూశాను. శనివారం బాగానే ఉంటుంది, మంగళవారం మధ్యాహ్నమే గడవదు. అమ్మకి రోజూ వీడియో కాల్ చేస్తాను కదా అంటావు. చెయ్యి, కానీ ఫోన్ పెట్టేశాక ఇల్లు అలాగే ఉంటుంది. నేను ఇరవై ఏళ్ళుగా అక్కడున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, మా వీధి విందుకి ఏటా రెండు ట్రేలు నావే. అదంతా ఆ తలుపు కొట్టిన రోజు నుంచే.

అక్కడ దిగగానే ఒక గాజు ట్రే, ఒక తెల్ల టేపు చుట్ట కొనుక్కో. ట్రే ఇచ్చే ముందు అడుగున నీ పేరు, ఫ్లాట్ నంబరు రాసి అంటించు.