భాషా సందేహాలు: అగావ్ భాషలు

ప్రశ్న: ఇథియోపియాలోని ఇంజిబారాలో అధ్యాపక ఉద్యోగం వచ్చింది. అమ్హారిక్ నేర్చుకుంటున్నాను. అక్కడివాళ్ల ఇంటి భాష అగావ్ అంటున్నారు. అదీ నేర్చుకోవాలా? ఎలా మొదలుపెట్టాలి? (విజయవాడ పాఠకుడు)

జవాబు: సంతకూ బస్సుకూ అమ్హారిక్ చాలు. కానీ ఇంజిబారా ‘అవీ’ అనే ప్రాంతానికి ముఖ్యపట్టణం. అక్కడి ఇళ్లలో మాట్లాడేది అగావ్ భాషల్లో ఒకటైన అవ్ఙి. చిన్న తరగతుల పాఠాలూ అందులోనే చెబుతారు. తప్పకుండా నేర్చుకోండి.

లిపి రెండింటికీ ఒకటే, గీజ్. మన గుణింతంలాగే ఒక్కో హల్లుకు ఏడు రూపాలుంటాయి. రోజుకు రెండు మూడు వరసలు దిద్దండి. చిక్కంతా ఆరో రూపంతోనే. ఒకచోట దాన్ని పొల్లుగా, మరోచోట పొట్టి అచ్చుతో పలుకుతారు. రాత చూసి తేల్చుకోలేరు, విని పట్టుకోవాలి.

తర్వాత ఙ. మన వర్ణమాలలో ఉన్నా విడిగా పలికే అలవాటు మనకు పోయింది. అవ్ఙిలో మాట మొదట్లోనే వస్తుంది: ఇల్లంటే ‘ఙిన్’. మనవాళ్లు దీన్ని ‘గిన్’ అనో ‘నిన్’ అనో అంటారు. ‘అంగడి’ అనబోయి ‘గ’ పలికే ముందు ఆగండి. నాలుక వెనక భాగం అంగిలికి ఆని, గాలి ముక్కులోంచి పోతుంటుంది. ఆ స్థితి నుంచే నేరుగా ‘ఇ’లోకి వెళ్లండి. ‘క్వ’ కూడా క, వ కలిసిన జంట కాదు. పెదాలు ముందే గుండ్రంగా చుట్టి ఒకేసారి పలకాలి.

వాక్యం మనకు సులువు. క్రియ చివరికే వస్తుంది, ‘వచ్చిన మనిషి’ తరహా విశేషణం పేరుకు (నామవాచకానికి) ముందే ఉంటుంది. జాగ్రత్తపడాల్సింది లింగం దగ్గర. మనం అక్క వచ్చినా ఆవు వచ్చినా ‘వచ్చింది’ అంటాం. అక్కడ నపుంసకం లేదు, ప్రతి పేరూ పుంలింగమో స్త్రీలింగమో అవుతుంది. కొత్త మాటను క్రియతో కలిపే రాసుకోండి.

ప్రశ్న: అగావ్ వాళ్లందరూ ఒకరి మాట ఒకరికి తెలిసేలా మాట్లాడతారా? (వరంగల్ పాఠకురాలు)

జవాబు: లేదు. అవ్ఙి, సెకోతా వైపు ఖంతఙ, ఎరిత్రియాలో కెరెన్ చుట్టూ బిలిన్, ఇథియోపియాలోనే గోండర్ దగ్గర కెమాంత్నెయ్ వేర్వేరు భాషలు. రెండుకు ‘లఙ’, ఐదుకు ‘అంక్వ’ లాంటి మాటల్లో చుట్టరికం కనిపిస్తుంది గానీ సంభాషణ సాగదు. పైగా ఎరిత్రియా బడుల్లో బిలిన్‌ను లాటిన్ అక్షరాల్లో నేర్పుతారు. అవ్ఙి కోసం నేర్చిన లిపి ఆ బడి పుస్తకాలకు పనికిరాదు.

కెమాంత్నెయ్ పరిస్థితి దుఃఖకరం. 1994 జనగణనలో కెమాంత్‌లమని చెప్పుకున్నవాళ్లు 1,72,000 పైనే. మాతృభాష అదేనన్నవాళ్లు 1,700 లోపే. చుట్టూ అమ్హారిక్, చర్చిలోనూ బడిలోనూ అమ్హారిక్. తల్లిదండ్రులు పిల్లలతో ఆ భాషలో మాట్లాడటం మానేశాక పెద్దవాళ్ల నోళ్లలోనే మిగిలింది. ఇప్పుడు ముందు చేయాల్సింది ఆ పెద్దల మాటలను రికార్డు చేయడం.

ప్రశ్న: లాలిబెలా రాతి చర్చిలు అగావ్ వాళ్లవేనా? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: లాలిబెలా అనే రాజు అగావ్ మూలాలున్న జాగ్వే వంశం వాడు. ఆ వంశం 1270లో పడిపోయింది. ఆయన పేరుతోనే ఉన్న ఇథియోపియా పట్టణంలో కొండరాతిని తొలిచిన చర్చిలు 11, కట్టడానికి చాలాకాలమే పట్టింది. అయితే ఆ రాజుల కాలపు రాతలు దొరికేది గీజ్‌లో; లిపికి ఆ పేరిచ్చిన పాత భాష అది. అందుకే వాటిలో అగావ్ మాటలు వెతికితే నిరాశే మిగులుతుంది. అమ్హారిక్‌లో వెతకండి: పాత గీజ్‌లో ముందు వచ్చే క్రియ అమ్హారిక్‌లో వాక్యం చివరికి జరిగింది. అగావ్ మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఆ భాషలోకి మారడమే దీనికి కారణమని చాలామంది భాషావేత్తల అభిప్రాయం.