వీసా డేట్ దగ్గర పడింది, అపాయింట్‌మెంట్ దొరకట్లేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. ఐటీ జాబ్ మీద డి వీసాతో (ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే వీసా) జర్మనీ వచ్చాను, ఇంకో మూడు వారాల్లో వీసా అయిపోతుంది, బ్లూ కార్డ్ (చదువుకున్న ఉద్యోగులకి ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్) కోసం ఫారినర్స్ ఆఫీస్ సైట్ రోజూ చూస్తున్నా ఒక్క స్లాట్ కూడా దొరకట్లేదు. డేట్ దాటితే జాబ్ ఆపేయాలా? మధ్యలో ఇండియా వెళ్తే తిరిగి రానిస్తారా? మా ఆవిడ రావాలంటే జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1 పరీక్ష రాయాల్సిందేనా?

జవాబు: కంగారు పడకండి, కానీ స్లాట్ కోసం ఎదురుచూస్తూ మాత్రం కూర్చోకండి. అపాయింట్‌మెంట్ డేట్ వేరు, అప్లై చేసిన డేట్ వేరు, చాలామంది తికమక పడేది ఇక్కడే. జర్మనీ రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81 ప్రకారం వీసా అయిపోకముందే అప్లికేషన్ పెడితే, ఆఫీసు ఏదో ఒకటి తేల్చేదాకా పాత వీసానే నడుస్తున్నట్టు లెక్క, అదే కంపెనీలో జాబ్ కూడా మామూలుగా చేసుకోవచ్చు. డి వీసా వాళ్లకే ఇది, షెంగెన్ టూరిస్ట్ వీసాకి కుదరదు.

అందుకే మీ సిటీలో ఆన్‌లైన్ ఫారం ఉంటే ఇవాళే నింపేయండి. లేకపోతే ఫారం సంతకం పెట్టి, పాస్‌పోర్ట్ కాపీ, జాబ్ కాంట్రాక్ట్, పేస్లిప్పులు, హెల్త్ ఇన్సూరెన్స్ లెటర్, అన్‌మెల్డుంగ్ (ఇంటి అడ్రస్ రిజిస్ట్రేషన్) పేపర్ జతచేసి మెయిల్‌లో పంపి రిజిస్టర్డ్ పోస్ట్‌లో కూడా వేయండి, రసీదు జాగ్రత్త. "అపాయింట్‌మెంట్ ఇవ్వండి" అని అడిగి ఊరుకుంటే అప్లికేషన్ కింద లెక్కేస్తారన్న గ్యారంటీ లేదండి, "బ్లూ కార్డ్‌కి అప్లై చేస్తున్నాను" అని స్పష్టంగా రాయాలి, వీసా అయిపోయే తేదీ సబ్జెక్ట్ లైన్‌లోనే పెట్టండి. దాంతోపాటే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ (అప్లికేషన్ తేలేదాకా ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్) అడగండి, ఫీజు 13 యూరోలు, హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే చూపించాల్సింది అదే.

అది చేతికి రాకుండా ఇండియా టికెట్ మాత్రం బుక్ చేయకండి ప్లీజ్. అందులో మూడు గడులు ఉంటాయి, మూడో గడిలో టిక్ ఉంటే పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు, పాస్‌పోర్ట్‌లో పాత వీసాతో కలిపి చూపించి తిరిగి రావచ్చు. రెండో గడిలో టిక్ ఉంటే దాంతో తిరిగి రావడం కుదరదు, కాబట్టి కౌంటర్ దగ్గరే చూసుకుని తప్పుంటే అక్కడే మార్పించుకోండి.

మీ ఆవిడకి ఏ1 అక్కర్లేదు, బ్లూ కార్డ్ వాళ్ల భార్యాభర్తలకి ఆ మినహాయింపు ఉంది, వచ్చాక ఏ జాబ్ అయినా చేసుకోవచ్చు. భాష అవసరం మీకే ఎక్కువ, పర్మనెంట్ రెసిడెన్స్ జర్మన్ బి1 (మధ్య స్థాయి) ఉంటే 21 నెలలకి, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలకి, కాబట్టి క్లాసులో ఇప్పుడే చేరిపోండి.