"చంపేస్తా" అనేది ముద్దా, బెదిరింపా?

తేడా మాటలో లేదు, అది విన్నాక మీరు ఏం చేస్తున్నారన్న దాంట్లో ఉంది. మీ ఆయన నవ్వుతూ "లేటైతే చంపేస్తా" అంటే ఈ మధ్య భయమేస్తోందన్నారు. సరదా అయితే "ముందు నేనే చంపుతా" అని మీరూ అనేసేవారు. టైమ్ చూసుకుంటూ పరిగెడుతున్నారంటే సరదా ఎక్కడిది?

1. గొడవ లేని పూట "ఆ మాట అనొద్దు, నాకు భయంగా ఉంది" అని సూటిగా చెప్పండి.

2. చాలామంది చెప్పేసి ఊరుకుంటారు. అసలు చూడాల్సింది తర్వాతి వారం. మానేస్తే సరే. "జోక్ కూడా తెలీదా" అంటూ మళ్ళీ అదే అంటే, మీ భయం తెలిసే అంటున్నాడు.

3. వస్తువులు విసరడం, చెయ్యి మెలిపెట్టడం మొదలైతే ఇక మాటల లెక్క వదిలేయండి. గొంతు పట్టుకుంటే మాత్రం, ఒక్కసారైనా, నవ్వుతూ అయినా, వెంటనే నమ్మకమైనవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోండి. పైకి గాయం కనిపించకపోయినా డాక్టర్‌కి చూపించుకోండి.