నేల టికెట్టు ఎటకారం

ప్రశ్న: పాత చెత్త సినిమా వేసి దాన్నే ఎగతాళి చేసే షోలుంటాయంట కదండీ, అంత సోది ఎవరు చూస్తారండి బాబూ? – ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆయ్, చూస్తారండి. అమెరికాలో 1988లో మిన్నియాపోలిస్ లోకల్ టీవీలో మొదలైన ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ అదే కదా, తెర కింద ఓ మనిషి, రెండు రోబోల నీడలు, సినిమా నడిచినంతసేపూ సెటైర్లే. 1993లో వాళ్ళు పట్టుకున్న ‘మానోస్’ అయితే మరీ ఘోరం, 1966లో టెక్సాస్‌లో ఎరువులమ్ముకునే ఒకాయన పందెం కాసి మరీ తీశాడు, కెమెరాకి కీ ఇస్తే అర నిమిషం తిరిగి ఆగిపోయేది, డబ్బింగేమో కొద్దిమందే అందరికీ చెప్పేశారు (చిన్నపిల్ల గొంతు కూడా పెద్దావిడదే!).

మనకిది కొత్తేం కాదు లెండి, మా ఊరి టూరింగ్ టాకీసులో హీరో ఆగకుండా ఏడుస్తుంటే నేల టికెట్టోళ్ళు "ఒరేయ్, ఆడికెవడన్నా గోళీ సోడా పట్టించండ్రా" అని అరిచేవోరు, రోబోలు లేవంతే.